ఆట తయారుచేసేవాడికి అన్నం పెట్టేదెవరు?

మన మహేశ్వరం మండలంలో రావిర్యాల, తుక్కుగూడ వైపు ఎలక్ట్రానిక్ పరిశ్రమలు వెలిశాయి. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చాక ఈ చుట్టుపక్కల చదువుకునే కుర్రకారు ఆశలకూ రెక్కలొచ్చాయి. వాటిలో ఒకటి వీడియో గేములు తయారుచెయ్యడం. ఇష్టమైన పని, పైగా డబ్బు! ఇంకేం కావాలి? అయితే ఈ రెండూ ఒకే ఒరలో ఇముడుతాయా అన్నదే ఇక్కడ విచారించవలసిన సంగతి.

ప్రశ్న పాతదే. శ్రీనాథుడు కనకాభిషేకం పొందాడనీ, పోతన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వక నాగలి పట్టాడనీ చెప్పుకుంటాం. కాని పోతనకు ఘంటం, తాటాకులు ఉంటే చాలు. గేముకు ప్రోగ్రాము రాసేవాడు, బొమ్మలు గీసేవాడు, సంగీతం కూర్చేవాడు అందరూ కావాలి. అందరికీ నెలనెలా ఇల్లు గడవాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. నలుగురు మిత్రులు తలా నెలకు 30,000 రూపాయలతో రెండేళ్లు పనిచేస్తే ఖర్చు 28,80,000. గేము వెల 300 అనుకుందాం. స్టీమ్ వంటి అంగడి అందులో నూటికి 30 తీసుకుంటుంది. మిగిలేది 210. పన్నుల మాట అటుంచినా, పెట్టుబడి తిరిగి రావాలంటేనే 13,700 పైచిలుకు ప్రతులు అమ్ముడుపోవాలి. లాభం ఆ తర్వాతి మాట!

అందుకే దారులు చీలిపోయాయి. మొదటిది ఉద్యోగం. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశీ సంస్థలు హైదరాబాదులో శాఖలు పెట్టాయి. జీతం వస్తుంది, కాని ఊహ మనది కాదు. రెండోది, ఊరికే ఇచ్చి తర్వాత వసూలు చెయ్యడం. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో అయిదు ప్రాణాలు అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. అంటే అక్కడ అమ్మేది ఆటను కాదు, మన అసహనాన్ని. ఈ దారి చివర పందెపు ఆటలున్నాయి. వాటిని తెలంగాణ 2017లో నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. మూడోది సొంత ఆట. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల ఛాయతో "అసుర" అనే గేము తీర్చి 2017లో విడుదల చేసింది. ఇది కష్టమైన దారే గాని, మూసుకుపోయిన దారి కాదు.

డబ్బు తొందర కళను ఏం చేస్తుందో అటారీ కంపెనీ చూపించింది. 1982లో క్రిస్మస్ అమ్మకాల కోసం "ఇ.టి." గేమును సుమారు అయిదు వారాల్లో తయారు చేయించారు. అమ్ముడుపోని డబ్బాలను 1983లో న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టారు.

అలాగని ఆకలితో కళ సాగుతుందా? సాగదు. అమెరికాలో ఎరిక్ బరోన్ "స్టార్‌డ్యూ వ్యాలీ"ని ఒంటరిగా నాలుగేళ్లకు పైగా చెక్కాడు. ఆ రోజుల్లో ఒక థియేటరులో జనానికి సీట్లు చూపే చిన్న ఉద్యోగం చేశాడు. 2016లో వచ్చిన ఆ ఆట లక్షల కొద్దీ అమ్ముడైంది. అందరికీ అంత అదృష్టం పట్టదు. కాని ఆ ఏర్పాటు మనకూ సాధ్యమే.

కాబట్టి మిత్రులారా, ఆట మొదలుపెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పూర్తయ్యేదాకా అన్నం ఎక్కడిది? ఆడేవాడి రూపాయి ఏ క్షణాన చేతికొస్తుంది? సంతోషించి ఇచ్చాడా, విసిగి ఇచ్చాడా? సెలవుల్లో ముగించగల చిన్న ఆటతో మొదలుపెట్టండి. అది పోయినా అప్పు మిగలదు, విద్య మిగులుతుంది.