గిరిజన సేద్యంలో చిన్న కత్తి – దాని అసలు ప్రయోజనం

వ్యవసాయ పనిముట్ల సర్వేలలో చిన్న కత్తులన్నింటినీ ‘కోత పనిముట్లు’ అనే ఒకే శీర్షిక క్రింద చేర్చడం పరిపాటి. కాని అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతాల గిరిజన సేద్యాన్ని పరిశీలించినప్పుడు ఈ వర్గీకరణ చాలదని తెలుస్తుంది. కత్తి మొక్కలోని ఏ భాగాన్ని, ఏ దశలో, ఎంత లోతున కోస్తుందన్నదే దాని అసలు ప్రయోజనాన్ని నిర్ణయిస్తుంది.

ఈ ప్రాంతపు ముఖ్య చిరుధాన్యమైన చోడిలో ప్రధాన కాండపు వెన్ను ముందుగాను, పిలకల వెన్నులు తరువాతను పక్వానికి వస్తాయి. అందువలన పంటను 2 దఫాలుగా కోయవలసి ఉంటుంది. పోడు భూములలో చోడి, సామ, కంది కలిపి విత్తినప్పుడు ఒక్కొక్క పంట ఒక్కొక్క సమయంలో కోతకు వస్తుంది. చేతిలో ఇమిడే చిన్న కత్తి పండిన వెన్నును మాత్రమే కోసి, పక్క మొక్కను నిలిపి ఉంచుతుంది. కోత సమయంలోనే మేలైన వెన్నులను విత్తనానికి వేరుచేసే అవకాశమూ కలుగుతుంది.

జావా ద్వీపంలో స్త్రీలు వరి వెన్నులను ఒక్కొక్కటిగా కోయడానికి వాడిన అని-అని అనే చిన్న కత్తి చరిత్ర ఇక్కడ గమనించదగినది. 1970వ దశకంలో పొట్టి, అధిక దిగుబడి రకాలతో పాటు కొడవలి వ్యాపించింది. కోత ఖర్చు తగ్గింది. అయితే ఎందరో పేద స్త్రీలు కోత పనిని, దానితో లభించే ధాన్యపు వాటాను కోల్పోయారు.

కోత లోతు కూడా అంతే ముఖ్యమైనది. జీలుగ గెలను ప్రతిదినం పలుచగా చెక్కితేనే కల్లు ధార కొనసాగుతుంది. తపసి జిగురు సేకరణలో గొడ్డలితో లోతుగా నరికినందున గాయాలు మానక అనేక చెట్లు ఎండిపోయాయి. పదునైన చిన్న పరికరంతో బెరడును మాత్రమే చెక్కే శాస్త్రీయ పద్ధతిలో గిరిజనులకు శిక్షణ ఇచ్చిన తరువాత చెట్టును కాపాడుకుంటూ నాణ్యమైన జిగురు తీయడం సాధ్యమైంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తులలో ఈ జిగురు ముఖ్యమైనది.

కాబట్టి మెరుగైన పనిముట్టును సిఫారసు చేసే ముందు గంటకు ఎంత విస్తీర్ణం కోయగలదన్న లెక్క ఒక్కటే సరిపోదు. పాత కత్తి ఏమి కోస్తున్నది, ఏమి కోయకుండా విడిచిపెడుతున్నది, ఎవరి చేతిలో ఉన్నది అనే మూడు ప్రశ్నలను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ముందుగా ఆ కత్తిని వాడే రైతులనే, ముఖ్యంగా మహిళలనే, అడిగి తెలుసుకోవాలి.