బీమూ పిల్లరూ కలిసేచోట

ఈటాబ్స్, స్టాడ్ వంటి సాఫ్ట్‌వేర్లలో పది అంతస్తుల భవనం ఒక గీతల బొమ్మ. పిల్లరు నిలువు గీత, బీము అడ్డగీత, రెండూ కలిసేచోట చుక్క. ఆ చుక్కకు పొడవూ వెడల్పూ లేవు. ఎంత బలం వచ్చినా అది పగలదు, ఆకారం మారదు. సైటులో మాత్రం అదే చోట 450 మిల్లీమీటర్ల పిల్లరూ 600 మిల్లీమీటర్ల లోతున్న బీమూ కలిసిన కాంక్రీటు దిమ్మె ఉంటుంది. దాన్నే జాయింటు అంటారు. నాలుగు వైపుల నుంచి వచ్చే బీము రాడ్లు, కింది నుంచి పైకి పోయే పిల్లరు రాడ్లు అన్నీ ఆ కాస్త జాగాలోనే ఇరుక్కుని సాగాలి. భూకంపం వస్తే అన్నిటికన్నా తీవ్రమైన కోత బలం పడేది కూడా అక్కడే. దాన్ని చుక్కగా గీస్తే లెక్కలోంచి ఏమేం జారిపోతున్నాయో చూద్దాం.

మొదట జారిపోయేది కొలత. అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. మధ్యరేఖల లెక్కలో పిల్లరు 3 మీటర్ల పొడవునా వంగుతుంది. బీము లోతు తీసేస్తే నిజంగా వంగే వీలున్నది 2.4 మీటర్లే. పక్కకు నెట్టే బలాన్ని ఎదిరించే బిగువు పొడవు ఘనానికి విలోమంగా ఉంటుంది. 3ని 2.4తో భాగించి ఘనం కడితే 1.95. అంటే జాయింటును చుక్క అనుకుంటే ఒక బిగువు, అసలు వంగని దిమ్మె అనుకుంటే దానికి దాదాపు రెట్టింపు. కాంక్రీటూ స్టీలూ అవే. మారింది ఇంజనీరు ఊహ ఒక్కటే.

ఈ ఊహను సాఫ్ట్‌వేరుకు చెప్పే మీట పేరు రిజిడ్ జోన్ ఫ్యాక్టర్. ఈటాబ్స్‌లో దాని విలువ మనం మార్చకపోతే సున్నా. అంటే జాయింటు లోపలి భాగం కూడా బీములాగే, పిల్లరులాగే వంగుతుందని అర్థం. 1 ఇస్తే జాయింటు పూర్తిగా బిగుసుకుపోతుంది. ఇక్కడే ఒక ప్రలోభం పొంచి ఉంది. మన దేశపు భూకంప ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం ఒక అంతస్తు తన కింది అంతస్తుతో పోలిస్తే ఎత్తులో 0.004 వంతుకు మించి పక్కకు జరగకూడదు. 3 మీటర్లకు అది 12 మిల్లీమీటర్లు. లెక్కలో 13 వచ్చిన భవనం ఫ్యాక్టరు మార్చగానే పాసైపోవచ్చు. అలా పాసైంది కాగితం మాత్రమే, భవనం కాదు. సున్నా పెడితే క్షేమమే కదా అనుకోవడానికీ లేదు. మెత్తబడిన భవనం డోలన కాలం పెరుగుతుంది, దాంతో లెక్కలోకి వచ్చే భూకంప బలం సాధారణంగా తగ్గుతుంది. కోడ్ సూత్రం ఇచ్చే కనీస బలానికి సరిపెట్టకపోతే అదీ ప్రమాదమే.

నిజమైన జాయింటు ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది. ఎక్కడన్నది బీము బలమైనదా, పిల్లరు బలమైనదా అన్నదాన్నిబట్టి మారుతుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌సీఈ 41 దీనికి తెలివైన సూత్రం ఇచ్చింది. పిల్లర్ల వంపు సామర్థ్యం బీములకన్నా 1.2 రెట్లకు మించితే జాయింటులో పిల్లరు ముక్కను బిగించి, బీము ముక్కను వదిలేయాలి. 0.8 కన్నా తక్కువైతే దీనికి తలకిందులుగా చేయాలి. మధ్యలో ఉంటే రెంటినీ సగం సగం. పగుళ్ల వల్ల బీము బిగువును 35 శాతానికి, పిల్లరు బిగువును 70 శాతానికి తగ్గించమని మన ఐఎస్ 1893 (2016) చెబుతుంది. ఈ తగ్గింపునూ జాయింటు ఊహనూ విడివిడిగా కాక కలిపి ఆలోచించి తీసుకోవాలి.

అయినా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బిగువు లెక్క కాదు, కోత లెక్క. భూకంపంలో భవనం ఊగినప్పుడు పిల్లరుకు ఒక పక్క బీము పై రాడ్లు సాగుతాయి, రెండో పక్క కింది రాడ్లు సాగుతాయి. పైన నాలుగు, కింద మూడు 20 మి.మీ. రాడ్లు ఉన్నాయనుకుందాం. ఎఫ్ఈ 500 స్టీలు అనుకున్నదానికన్నా పాతిక శాతం ఎక్కువ బలం చూపిస్తే పైవి 785 కిలోన్యూటన్లు, కిందివి 589 లాగుతాయి. రెండూ కలిసి జాయింటును ఒకే దిశలో కోస్తాయి: 1,374. అందులోంచి పిల్లరులోని కోత బలం, సుమారు 250, తీసేస్తే దాదాపు 1,120 మిగులుతుంది. పిల్లరు మోసేదానికి ఇది నాలుగున్నర రెట్లు. మరి తట్టుకునే శక్తి? ఎమ్25 కాంక్రీటుతో 450 చదరపు పిల్లరు, దానికి 300 వెడల్పు బీము. బీము వెడల్పు పిల్లరు వెడల్పులో ముప్పాతిక వంతు కూడా లేదు కాబట్టి అది జాయింటును పక్కల నుంచి బిగించిపట్టినట్టు మరో భారత ప్రమాణం ఐఎస్ 13920 ఒప్పుకోదు. అప్పుడు సామర్థ్యం 1,012 కిలోన్యూటన్లే. చాలదు. బీముకు విడిగా డిజైన్ చేశాం, సరిపోయింది. పిల్లరుకూ చేశాం, సరిపోయింది. జాయింటు ఫెయిలైంది. చుక్కల బొమ్మ విశ్లేషణ ఈ మాట చెప్పదు. డిజైన్ దశలో జాయింటు కోత పరీక్షను ప్రత్యేకంగా అడిగి, దాని ఫలితం చదివినవాళ్లకే తెలుస్తుంది.

ఈ కోత బలం జాయింటులో ఒక మూల నుంచి ఎదుటి మూలకు కాంక్రీటును నొక్కుతూ పోతుంది. ఆ దారి వెంటే ఏటవాలు పగుళ్లు వస్తాయి. పగిలిన కాంక్రీటును చెదరనీయకుండా పట్టి ఉంచేవి పిల్లరు రాడ్ల చుట్టూ కట్టే రింగులు. న్యూజిలాండ్‌కు చెందిన పార్క్, పౌలే, ప్రీస్ట్‌లీ 1978లో ఈ పనితీరును వివరించారు. 1999 ఆగస్టులో టర్కీలోని ఇజ్మిత్ భూకంపంలో కూలిన భవనాల్లో జాయింట్ల లోపల రింగులే లేనివి ఎన్నో కనిపించాయి.

అలాంటి పాత భవనాలను పరీక్షించేటప్పుడు చుక్క పనికిరాదు. అలత్, కున్నత్‌ల కత్తెర నమూనాలో జాయింటు మధ్య ఒక స్ప్రింగు పెడతారు, బీమూ పిల్లరూ కత్తెర కాళ్లలా దానిచుట్టూ తిరుగుతాయి. లోవ్స్, అల్తూంతాష్ 2003లో ప్రతిపాదించిన నమూనాలో భాగాలు 13: రాడ్లు కాంక్రీటులోంచి జారడానికి ఎనిమిది, అంచుల దగ్గర కోతకు నాలుగు, మధ్య పలకకు ఒకటి. ఓపెన్‌సీస్ అనే పరిశోధన సాఫ్ట్‌వేరులో ఇది సిద్ధంగా దొరుకుతుంది. కొత్తగా కట్టే అయిదంతస్తుల అపార్ట్‌మెంటుకు ఇంత హంగు అక్కర్లేదని నా అభిప్రాయం. దానికి కావలసింది చేతి లెక్కగానైనా ఒక జాయింటు కోత పరీక్ష, ఆపైన సైటులో రింగులు.

ఆ రింగుల దగ్గరే పని చెడుతుంది. బీము స్టీలును సెంట్రింగులోకి దించేశాక జాయింటు లోపల రింగు కట్టడానికి చెయ్యి పట్టదు. మేస్త్రి వదిలేస్తాడు, పైన కాంక్రీటు పడ్డాక కనిపించదు. ఐఐటీ కాన్పూర్ తరఫున సి.వి.ఆర్. మూర్తి రాసిన భూకంప సూచనల్లో దీనికి మార్గం చెప్పారు: బీము స్టీలును సెంట్రింగు పైనే ఆపి, జాయింటు రింగులు కట్టి, అన్నీ కలిపి ఒకేసారి కిందికి దించాలి.

ఐఎస్ 1893 (2016) భూకంప జోన్ల పటంలో విజయవాడ మూడో జోన్‌లో ఉంది, అక్కడ ఐఎస్ 13920 తప్పనిసరి. హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంది. అయినా 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. మీరు ఇల్లు కట్టిస్తుంటే స్లాబ్ పోసే ముందు రోజు ఇంజనీరును వెంటబెట్టుకుని పైకెక్కండి. ప్రతి పిల్లరు తలలో, బీము లోతు పొడవునా రింగులున్నాయో లేదో, వాటి కొక్కేలు 135 డిగ్రీల దాకా లోపలికి వంగి ఉన్నాయో లేదో చూపించమనండి. లేకపోతే కాంక్రీటు పోయనివ్వకండి.