దవడ కింద గ్రంథి, చెవి వెనుక గాటు

చింతకాయ పేరు వింటే చాలు, నోరూరుతుంది. కొందరికి మాత్రం నోరూరిన మరుక్షణం దవడ కింద బిళ్ల కట్టినట్టు ఉబ్బి సలుపు మొదలవుతుంది. తిన్న గంటకో రెండు గంటలకో తగ్గి, మళ్లీ భోజనం వేళకు తిరిగొస్తుంది. లాలాజల గ్రంథి దారికి రాయి అడ్డుపడిందని వైద్యులు అనుమానించేది ఈ లక్షణంతోనే.

మనకు పెద్ద లాలాజల గ్రంథులు మూడు జతలు. రాళ్లలో 80 శాతానికి పైగా దవడ కింది జతలోనే పుడతాయి. అక్కడి లాలాజలం చిక్కన, అందులో కాల్షియం ఎక్కువ. పైగా పొడవాటి నాళంలో నాలుక అడుగు దాకా పైకి ఎక్కాలి. ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా చిక్కబడుతుంది. ఖతర్‌లో వేసవి ఎంత తీవ్రమంటే జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పనిని ప్రభుత్వమే నిషేధించింది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో అక్కడికి వెళ్లిన మనవాళ్లు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి.

చిన్న రాయైతే సన్నని ఎండోస్కోపుతో నాళంలోంచే తీసేయవచ్చు. గ్రంథి పూర్తిగా పాడైనా, అందులో కణితి పెరిగినా గ్రంథినే తొలగించాలి. చిక్కంతా చుట్టూ ఉన్న నరాలతోనే. పై అంచున పోయే సన్నని నరం దెబ్బతింటే నవ్వినప్పుడు మూతి వంకరపోతుంది. లోపలివైపు నాలుకకు స్పర్శనిచ్చే నరం ఒకటి, నాలుకను కదిలించేది మరొకటి. అందుకే మామూలు ఆపరేషన్‌లో దవడ ఎముకకు రెండు వేళ్ల కింద మెడ మీద గాటు పెడతారు. మచ్చ అక్కడే మిగులుతుంది.

ఆ గాటును చెవి వెనుకకు, జుట్టు అంచులోకి మార్చవచ్చు. దక్షిణ కొరియా వైద్యులు ఈ పద్ధతిని బాగా అభివృద్ధి చేశారు. కానీ అక్కడి నుంచి గ్రంథి దూరం, దారి ఇరుకు. డావిన్సీ లాంటి రోబో అక్కరకొచ్చేది ఇక్కడే. దాని పరికరాల కొసలు మణికట్టులా తిరుగుతాయి, చేతి వణుకు వాటికి చేరదు. నరాలు పెద్దవిగా, లోతుతో సహా కనిపిస్తాయి. రోబో తనంతట తాను ఒక్క కోతా కోయదు. పక్కనే కన్సోల్ ముందు కూర్చున్న సర్జన్ చేతులే దాన్ని నడుపుతాయి. అమెరికాలో ఈ యంత్రానికి 2000లో అనుమతి వచ్చింది. ఇప్పుడు దోహాలోని హమద్ మెడికల్ కార్పొరేషన్‌లోనూ, మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ రోబో శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి.

నా మటుకు దీని అసలు లాభం మచ్చ కనబడకపోవడమే. చర్మం కింద ఎక్కువ దూరం విడదీయాలి, సమయమూ ఖర్చూ పెరుగుతాయి. నరాలకు భద్రత మామూలు ఆపరేషన్ కంటే ఎక్కువని తేల్చి చెప్పలేం. అనుభవమున్న సర్జన్ చేతిలో పాత పద్ధతీ మంచిదే. కాబట్టి ‘రోబోతో చేస్తారా?’ అని అడిగేముందు ‘గ్రంథి తీయక తప్పదా?’ అని అడగండి. నొప్పి లేని గట్టి గడ్డ దవడ కింద తగిలితే మాత్రం ఖతర్‌లో ఉన్నవాళ్లు సెలవుపై ఇంటికి వచ్చేదాకా ఆగకండి. ఈ గ్రంథిలో వచ్చే కణితుల్లో దాదాపు సగం క్యాన్సర్లే.