ఒకరి మాత్ర మరొకరికి



ఆమధ్య మా పక్క వాటాలో ఒక సంగతి జరిగింది. అక్కడి పెద్దావిడకు ఎన్నాళ్లుగానో ఉబ్బసం. మనవరాలి పెళ్లిపనుల హడావిడిలో గుండె దడగా ఉందంటే, చుట్టపుచూపుగా వచ్చినావిడ సంచీలోంచి ప్రొప్రనొలాల్ మాత్ర తీసి ఇచ్చింది. "నాకు దీంతో ఇట్టే తగ్గిపోతుంది వదినగారూ" అంది. ఆవిడకు తగ్గేమాట నిజమే. ఈవిడకు మాత్రం కాసేపట్లోనే ఆయాసం ముంచుకొచ్చి, రాత్రికి రాత్రే ఆస్పత్రికి పరుగెత్తవలసి వచ్చింది. గండం గడిచిందనుకోండి. మాత్ర మంచిదే, ఇచ్చినావిడా మంచిదే. మరి ఇలా ఎందుకయింది?

మనకు భయం వేసినా, కోపం వచ్చినా, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. వచ్చి గుండెను పరుగెత్తిస్తుంది. చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది. భయపడ్డవాళ్ల ముఖం పాలిపోయేది అందుకే. ఊపిరి గొట్టాలను మాత్రం సడలిస్తుంది. బిగించేదీ అదే, సడలించేదీ అదే!

సాయంత్రం మీవారి స్కూటరు చప్పుడు వినిపించగానే పిల్లలు పుస్తకాలు తీస్తారు, మీరు కాఫీకి నీళ్లు పడేస్తారు. చప్పుడు ఒక్కటే, వినేవాళ్లను బట్టి పని. శరీరంలో కణాలకూ అలా వినే చెవులున్నాయి. వాటినే రిసెప్టర్లంటారు. ఇవి ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో అమెరికాలో రేమండ్ ఆల్‌క్విస్ట్ చెబితే, చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. తరువాత వాటిలోనూ రకాలు తేలాయి. గుండెలో ముఖ్యంగా ఉండేది బీటా-1, ఊపిరి గొట్టాల్లో బీటా-2. గుండె ఒకటి, ఊపిరితిత్తులు రెండు కదా, అలా గుర్తుపెట్టుకోండి.

ప్రొప్రనొలాల్ 1960ల్లో బ్రిటన్‌లో జేమ్స్ బ్లాక్ బృందం తయారుచేసిన మందు. ఆయనకు 1988లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఈ మందుకు ఒకటీ రెండూ తేడా తెలియదు, రెండు చెవులూ మూసేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఆయాసానికి పీల్చే సాల్‌బుటమాల్ పనిచేయవలసింది ఆ బీటా-2 మీదనే. అది మూతపడితే, ఎంత పీల్చినా సరిగ్గా పనిచేయదు.

ఇంకో విచిత్రం. పెళ్లిపనుల దుమ్ములో ఆవిడ ఆ మందును మామూలుకన్నా ఎక్కువసార్లు పీల్చారట. దానివల్ల చేతులు వణకడం, గుండె దడ రావడం కద్దు. అంటే మొదటి దడ కూడా మందుదే అయ్యుండవచ్చు!

ఆల్ఫా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. జలుబుకు వేసుకునే ముక్కు చుక్కలు చాలావరకు ఆల్ఫా ద్వారానే రక్తనాళాలను బిగించి ముక్కు తెరుస్తాయి. అవే రోజుల తరబడి వేసుకుంటే ముక్కు మళ్లీ దిబ్బడ వేస్తుంది.

ఇది విని బీటా మాత్రలు వాడుతున్నవారు హడలిపోయి ఇవాళే మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే గుండెకు ప్రమాదం. షుగరుకు మందు వాడేవారు మాత్రం ఒకటి గమనించాలి: షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మాత్రల వల్ల తెలియకుండా పోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

ఉబ్బసం ఉన్నవారు ఆ మాట ఏ డాక్టరుగారికైనా ముందే చెప్పండి, కంటి డాక్టరుగారికైనా సరే. నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఈ జాతి మందే.