ఉత్తరధ్రువపు మంచు - బైలదిలా వాన

బస్తర్ సీమలో వర్షఋతువు ఎంత ఉధృతమో గనులలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎద్దు మూపురాన్ని పోలి ఉన్నందున ఆ పేరు పొందిన బైలదిలా కొండలపై మబ్బు దిగితే ఎదుటి యంత్రం కానరాదు. ఇనుప ఖనిజం తడిసి ముద్దయి జల్లెడలకు అంటుకుంటుంది. కిరండూల్ - కొత్తవలస రైలుమార్గంలో కొండచరియలు విరిగిపడితే విశాఖపట్నం వెళ్లవలసిన బండ్లు నిలిచిపోతాయి. వానలు తగ్గుముఖం పట్టవలసిన సెప్టెంబరు మాసంలోనే ఒక్కొక్క ఏడు కుండపోతగా కురుస్తుంది. ఈ వానకూ, ఎక్కడో ఉత్తరధ్రువ సముద్రంలోని మంచుకూ సంబంధం ఉండవచ్చునంటే మొదట నమ్మబుద్ధి కాదు. కాని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు 2021లో వెలువరించిన పరిశోధన ఆ సంగతినే సూచిస్తున్నది.

ఆర్కిటిక్ సముద్రపు మంచు శీతకాలంలో విస్తరించి, సెప్టెంబరు నాటికి కనిష్ఠ స్థాయికి చేరుతుంది. 1979 నుంచి ఉపగ్రహాల కొలతలను చూస్తే, సెప్టెంబరు మంచు విస్తీర్ణం దశాబ్దానికి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. 2012లో అది దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహ కొలతలలో అంతకన్న తక్కువ 2025 వరకు నమోదు కాలేదు. మంచు తనపై పడిన సూర్యరశ్మిలో సగానికి పైగా తిప్పి పంపుతుంది. సముద్రజలం తిప్పి పంపేది సుమారు 6 శాతమే. అందువల్ల మంచు కరిగినచోట నీరు వేడెక్కి, చుట్టుపక్కల మంచును మరింత కరిగిస్తుంది.

రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గినప్పుడు, నీటినుంచి వెలువడిన వేడి పైనున్న వాతావరణాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక ఎగువ వాయుప్రవాహాలలో అలవలె ఆసియా దిశగా సాగుతుంది. వెచ్చబడిన అరేబియా సముద్రపు తేమ దానికి తోడైతే మధ్యభారతంలో సెప్టెంబరు అతివృష్టికి దోహదం కలుగుతుందని ఆ శాస్త్రజ్ఞుల వివరణ. ఇది సంభావ్యమైన సంబంధమే. కురిసిన ప్రతి వానకూ ఆ మంచునే కారణంగా చూపలేము.

ఇటువంటి ప్రశ్నలకు సమాధానం కోసమే మనదేశం స్వాల్‌బార్డ్ దీవులలోని నై-అలెసుండ్ వద్ద 2008 జూలై 1న 'హిమాద్రి' పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించింది. 2014 జూలైలో అక్కడి కాంగ్స్‌ఫియార్డ్ జలాలలో 'ఇండార్క్' అనే పరిశీలక సాధనాన్ని లంగరు వేసి నిలిపింది. నీటి ఉష్ణోగ్రతను, లవణతను, ప్రవాహాలను నమోదు చేయడం దాని పని. 2023 డిసెంబరులో తొలి శీతకాల యాత్ర సాగించింది.

ఈ పరిశోధన ముందుకు సాగి సంబంధం రూఢి అయినట్లయితే, ఆగస్టునాటి మంచును చూసి సెప్టెంబరు వానను కొంత అంచనా వేయగలుగుతాము. గనిలో నీటికాలువలు బాగుచేయడానికి, పొడి ఖనిజాన్ని నిల్వ చేయడానికి, కొండ అంచులలో పనిచేసేవారి భద్రతకు ఏర్పాట్లు చేయడానికి కొద్ది వారాల వ్యవధి లభిస్తుంది. దిగువన శంఖిని, డంకిని నదుల ఒడ్డున ఉన్న పల్లెలలోకి ఎర్రమట్టి కొట్టుకుపోకుండా అడ్డుకట్టలను సరిచూసుకోవచ్చు. హిమాద్రిలో చలికి ఓర్చి సేకరిస్తున్న ఒక్కొక్క కొలతలోనూ మన గని కార్మికుని క్షేమం కూడ ఇమిడి ఉన్నదని గ్రహించాలి.