శ్వాసనాళాల్లో కారే రక్తనాళాలు

సూరత్ నగరంలోని వడోద్‌కు పాండేసర పారిశ్రామికవాడ దగ్గరే. అక్కడి అద్దకపు మిల్లుల్లో బాయిలర్లకు బొగ్గే ప్రధాన ఇంధనం. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలెన్నో ఈ నగరపు గాలినే పీలుస్తున్నాయి. పొగ పీల్చి ఆయాసం వస్తే శ్వాసనాళపు కండరం బిగుసుకుందని అనుకుంటాం. నాళం లోపలి పొర వాయడమూ అంతే ముఖ్యం. ఆ వాపులో పెద్ద భాగం రక్తనాళాల్లోంచి కారిన ద్రవమే.

పొగలోని సన్నని ధూళిలో ఇనుము, రాగి ఉంటాయి. అవి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ధూళిని ఎదుర్కోవడానికి చేరిన తెల్లరక్తకణాలు సూపర్ఆక్సైడ్‌ను వదులుతాయి. గ్లూటాథయోన్ వంటి రక్షకాలు వీటికి చాలనప్పటి స్థితే ఆక్సీకరణ ఒత్తిడి. సన్నని సిరల లోపలి కణాలను వీఈ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. ఈ ఆక్సిడెంట్ల ప్రభావంతో ఆ పట్టు సడలుతుంది, కణంలోకి కాల్షియం చేరి లోపలి పోగులు బిగుసుకుంటాయి, కణం ముడుచుకుంటుంది. ఏర్పడిన సందులోంచి ఆల్బుమిన్‌తో సహా ప్లాస్మా బయటికి వస్తుంది.

ఈ కారడాన్ని కంటికి చూపించేది ఒక రంగే. అద్దకంలో వాడే ఎన్నో రంగుల్లాగే ఇవాన్స్ బ్లూ కూడా అజో కుటుంబానిది. ఎలుక సిరలోకి ఎక్కించగానే అది ఆల్బుమిన్‌కు అంటుకుంటుంది. నాళాలు పదిలంగా ఉంటే రంగు రక్తంలోనే తిరుగుతుంది, కారితే వాయునాళపు గోడ నీలమవుతుంది. ఆ ముక్కను ఫార్మమైడ్ అనే ద్రావకంలో నానబెట్టి రంగును రాబట్టి, 620 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుందో కొలిస్తే ఎంత కారిందో తెలుస్తుంది.

ఉబ్బసం ఉన్నవారికి ఈ కారడం గురించి తెలియాలి. వెంటనే ఊపిరి ఆడించే ఇన్‌హేలర్ ప్రధానంగా కండరాన్ని సడలిస్తుంది. వాపును, కారడాన్ని తగ్గించేది రోజూ పీల్చే స్టెరాయిడ్. ఆయాసం తగ్గిందని, డాక్టరును అడగకుండా దాన్ని మానేయడం ప్రమాదకరం. యాంటీఆక్సిడెంట్ మాత్రలు దానికి బదులు కావు.

అసలు పని పొగగొట్టం దగ్గర జరగాలి. ధూళి ఉద్గారాల అనుమతులను కర్మాగారాలు కొనుక్కునే, అమ్ముకునే పథకాల్లో ప్రపంచంలోనే తొలిదిగా పేరొందినది 2019లో సూరత్‌లో మొదలైంది. అందులో చేరిన కర్మాగారాల ధూళి 20 నుంచి 30 శాతం తగ్గినట్లు ఒక అధ్యయనం తేల్చింది. చిమ్నీ ధూళిని ఇంత శ్రద్ధగా కొలుస్తున్న నగరంలో, ఆ మిల్లుల కార్మికులకు ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష కూడా ఏటా జరగాలి.