తాతగారి రివాల్వరు

కరీంనగరముననో, ఆదిలాబాదుననో ఒక యింట తాతగారు గతించిరనుకొందము. సందుగ అడుగున ఆయన కొలువునాటి సర్వీసు రివాల్వరు కనబడినది. పొలమువలె ఇదియు మనకే వచ్చునని మనుమలు తలంతురు. వచ్చును, కాని దగ్గర నుంచుకొను హక్కు వెంట రాదు.

తాతగారి లైసెన్సు ఆయనతోనే ముగిసినది. కావున రివాల్వరును, తూటాలను జాగు సేయక సమీపపు పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల ఆయుధ వర్తకునియొద్దగాని అప్పగించి రసీదు గైకొనవలెను. 1959 నాటి ఆయుధ చట్టము చెప్పిన మార్గమిది. భయపడి బావిలో పడవేయుట తగదు.

పిదప 21 ఏండ్లు నిండిన వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చును. 2016 నిబంధనల ననుసరించి, 70 ఏండ్లు నిండిన లైసెన్సుదారు తాను జీవించియుండగనే వారసునికి మార్పించవచ్చును. ఈ సంగతి తాతగారికి ముందే తెలిసియుండిన ఎంత బాగుండెడిది!

అసలు చిక్కు తూటా కొలతలో నున్నది. 1887లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన వెబ్లీవంటి 0.455 అంగుళపు రివాల్వరులును, 0.380 తూటాను పేల్చునవియు నిషిద్ధ తరగతిలోనివి. వానికి కేంద్ర ప్రభుత్వపు అనుమతియే కావలెను. 0.32 కొలతదైనచో ఆదిలాబాదున కలెక్టరు, కమిషనరేటు గల కరీంనగరమున పోలీసు కమిషనరు చాలును.

లైసెన్సు లభించినను బహిరంగ స్థలమున ఒరలో నుంచియే కొనిపోవలెను. పెండ్లి సంబరమున ఇతరుల ప్రాణములకు ముప్పు కలుగునట్లు పేల్చినచో, 2019 సవరణ ననుసరించి రెండేండ్లవరకు ఖైదుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని తప్పవు.